గుడ్డు వేడి తగిలిన రోజు

ఫిబ్రవరి తొమ్మిదో తారీఖు. ఆ పొద్దున ఇంట్లో అందరూ తిన్నది ఉడికించిన గుడ్లూ, ముందురోజు మిగిలిన రొట్టే. జనం పెళ్ళిరోజులూ పుట్టినరోజులూ గుర్తుపెట్టుకున్నట్టు అక్క ఆ తారీఖును గుర్తుపెట్టుకుంది. అసలు ఆ ఇంట్లో తారీఖులన్నీ ఆమె దగ్గరే ఉండేవి. ఏ చొక్కా ఏ రోజు వచ్చిందో, ఎవరి కోటు ఏ రోజుకి కావాలో, మేనకోడలికి మొదటి పన్ను ఎప్పుడు ఊడిందో, అన్నీ నోటికే. "మా అక్క ఉండగా క్యాలెండరు కొనడం దండగ" అని తమ్ముడు ఇస్త్రీ కొట్టుకి వచ్చినవాళ్ళతో గొప్పగా చెప్పేవాడు.

ఆ పొద్దున పొయ్యి ఆపి కాసేపే అయింది. గిన్నెలోంచి ఇంకా ఆవిరి వస్తోంది. అక్క మామూలుగానే చెయ్యి పెట్టి గుడ్డు తియ్యబోయింది. ఆమెకు గరిటె వాడే అలవాటు ఎప్పుడో పోయింది. నాన్న నుంచి అక్కాతమ్ముళ్ళిద్దరికీ వచ్చిన నరాల జబ్బు ముందు అరికాళ్ళు మొద్దుబార్చి, తరువాత చేతివేళ్ళకు పాకింది. వేడి తెలియదు, చలి తెలియదు.

"మళ్ళీ చెయ్యి ఉడకబెట్టుకుంటావా వదినా!" అంటూ మరదలు గరిటె అందించేలోపే అక్క "అబ్బా!" అంది.

గుడ్డు చేతిలోంచి జారి నేలమీద పగిలింది. దాని వంక ఎవరూ చూడలేదు. తమ్ముడు కొట్టులోంచి లోపలికి పరిగెత్తుకొచ్చాడు.

"ఏమన్నావు?"

"కాలిందిరా!" అక్క కుడిచేతి వేళ్ళు ముఖం ముందు పెట్టుకుని చూసుకుంటోంది. "నిజంగా కాలింది. చురుక్కుమంది."

కాలిందని అంత సంబరపడే మనిషిని పాప ఎప్పుడూ చూడలేదు. "అత్తకి పిచ్చెక్కింది" అని నవ్వింది. మరదలు వదినను కావలించుకుని ఏడ్చింది.

తమ్ముడు పొయ్యి దగ్గరకు వచ్చి అదే గిన్నెలో చెయ్యి పెట్టాడు. వేళ్ళ మీద చర్మం ఎర్రబడింది. ముఖం మాత్రం మారలేదు. మరదలు మణికట్టు పట్టుకుని లాగేసింది.

"ఏం లేదే" అన్నాడు నవ్వబోతూ. "నాకు కుళాయి నీళ్ళలాగే ఉంది."

అప్పుడు అందరికీ అర్థమైంది. పెద్దాసుపత్రిలో ఆ జబ్బుకి ఒక కొత్త మందును పరీక్షిస్తున్నారు. అక్కాతమ్ముళ్ళిద్దరూ అందులో చేరి కొన్ని నెలలైంది. చెరో సీసా ఇచ్చారు. కొందరి సీసాల్లో అసలు మందు, కొందరి సీసాల్లో ఉత్త పిండి. బిళ్ళలన్నీ ఒకే రంగు, ఒకే సైజు. ఎవరికి ఏది పడిందో ఇచ్చే నర్సుకు కూడా తెలియదు. పరీక్ష పూర్తయ్యాక మాత్రం చివరిదాకా ఉన్నవాళ్ళందరికీ అసలు మందే, బతికినంత కాలం ఊరికే ఇస్తామన్నారు. దానికి ఇంకా ఏడాది ఉంది. ఆ ఏడాదిలో తమ్ముడి వేళ్ళు ఏమవుతాయో నాన్నను చూసినవాళ్ళకు ఎవరూ చెప్పనక్కర్లేదు. చివరి రోజుల్లో నాన్న చెంచా పట్టుకోలేక గిన్నెలో మూతి పెట్టి తాగేవాడు.

ఆ సాయంత్రం అక్క పంచదార డబ్బా ఖాళీ చేసి, కడిగి, తుడిచి బల్ల మీద పెట్టింది. తన సీసా అందులో వంచింది. తరువాత తమ్ముడి సీసా కోసం చెయ్యి చాపింది.

"ఇది తప్పేమో అక్కా."

"ఇంట్లో ఒక్క గుడ్డే ఉన్నప్పుడు అమ్మ ఏం చేసేదిరా?"

ఉడికిన గుడ్డును దారంతో సరిగ్గా మధ్యకి కోసేది అమ్మ. చాకుతో కోస్తే పచ్చసొన ఒకవైపే అంటుకుంటుందని.

"ఇదీ అంతే" అంది అక్క. "నీ సీసా ఇలా ఇయ్యి."

అతను ఇచ్చాడు. ఆమె పోస్తుంటే డబ్బా మూత అతనే పట్టుకుని నిలబడ్డాడు. పోయడం అయ్యాక తనే మూత బిగించి, అటూ ఇటూ బాగా ఊపాడు.

*

ఏడాది తిరిగేసరికి తమ్ముడి వేళ్ళలోకి కూడా కొంత ప్రాణం వచ్చింది. పూర్తిగా కాదు. ఎడమచేతి చిటికెనవేలు ఇప్పటికీ అతనిది కానట్టే ఉంటుంది. అయినా పాప గౌను గుండీలు తనే పెడుతున్నాడు. మొదటిసారి పెట్టినప్పుడు పాప "నాన్నా, ఒక గుండీ వంకరగా పెట్టావు" అంటే, "వంకరైనా పెట్టాను కదే, రాకాసీ!" అని దాన్ని ఎత్తుకుని గిరగిరా తిప్పాడు. అక్కకు మొదట్లో వచ్చినంత వేగంగా తరువాత రాలేదు. కుడిచెయ్యి బాగుంది. ఎడమచేతి అరచెయ్యి అంచు మొద్దుగానే ఉండిపోయింది. ఆ సంగతి ఆమె ఎవరితోనూ అనలేదు.

కొట్టు ఇంటి ముందుగదిలోనే. పొడుగాటి బల్ల, దాని మీద మడతపెట్టిన దుప్పటి, పైన మాసిన తెల్లగుడ్డ, రెండు ఇస్త్రీపెట్టెలు. వేడి ఎంతుందో చూడటానికి అందరూ పెట్టె అడుగున తడివేలు ఆనిస్తారు. వీళ్ళు చెంప దగ్గరకు తెచ్చుకుంటారు. చెంపకు ఇంకా జబ్బు రాలేదు. చొక్కాకి ముందు కాలరు, తరువాత భుజాలు, చేతులు, ఆఖరున ఒళ్ళు. అక్క నీళ్ళు చిలకరించి చుట్టచుట్టి పెడితే తమ్ముడు విప్పి పెట్టె నడుపుతాడు. బరువైన దుప్పట్లు ఇద్దరూ చెరోవైపు పట్టుకుని లాగుతారు. దూరం నుంచి చూసేవాళ్ళకు అదేదో ఆటలా ఉంటుంది.

సాయంత్రం కొట్టు కట్టేముందు వాళ్ళకొక అలవాటు ఉంది. బల్ల దగ్గర ఎదురెదురుగా కూర్చుని ఒకరి చేతులు ఒకరు దీపం కింద పెట్టి చూస్తారు. కాలినా తమకి తెలియదు కనుక ఒకరి కాలిన గాయం ఇంకొకరే చూడాలి. వేళ్ళ సందులు, గోళ్ళ మొదళ్ళు, మణికట్టు లోపలివైపు. బొబ్బ కనబడితే మందు రాసి గుడ్డ కడతారు. "చేతులు కాలాక ఆకులు పట్టుకుంటారంటారు. మనకు కాలినట్టు తెలిస్తే కదా అక్కా పట్టుకోవడానికి!" అని తమ్ముడు జోకు వేస్తాడు. ఎన్నేళ్ళుగానో అదే జోకు. అక్క ఎన్నేళ్ళుగానో దానికి నవ్వుతూనే ఉంది.

ఆ రోజు ప్లీడరు గారు తన నల్లకోటు తీసుకోవడానికి వచ్చి, కోటు అందుకోకుండానే చంకలోని పేపరు విప్పాడు.

"ఏమయ్యోయ్, మీ జబ్బుకి మందు కనిపెట్టేశారట. ఇదిగో, ఫోటో కూడా వేశారు. మీ ఆసుపత్రే!"

ఇద్దరూ బల్ల మీద వంగారు. ఫోటోలో డాక్టర్లు వరసగా నిలబడి ఉన్నారు. ఒక పెద్ద కేకు ఉంది. చివర్లో సగం కోసేసిన ముఖంతో ఉన్నది వాళ్ళ నర్సే. వచ్చినప్పుడల్లా గుండుసూదితో వేళ్ళు గుచ్చి "తెలుస్తోందా?" అని అడుగుతుందని తమ్ముడు ఆమెకు 'సూదమ్మ' అని పేరు పెట్టాడు.

"సూదమ్మ కూడా పేపర్లోకెక్కిందిరోయ్" అన్నాడు తమ్ముడు.

"మందు పనిచేస్తోందని తేలిందట" ప్లీడరు చదివాడు. "రోగుల త్యాగం మరువలేనిదట. రోగులంటే మీరేగా? మరి మీ ఫోటో లేదేం?"

"మేం ఆ కేకు కింద బల్లమండీ" అంది అక్క. ప్లీడరు పడీపడీ నవ్వాడు. పోతూ పోతూ పేపరు వాళ్ళకే ఇచ్చేశాడు. మరదలు ఆ ముక్క కత్తిరించి అద్దం అంచున దోపింది.

మధ్యాహ్నం ఫోను వచ్చింది. సూదమ్మే. ఎప్పుడూ "ఏం కాలింది ఈసారి?" అని మొదలుపెట్టే మనిషి, "రేపు ఇద్దరూ ఒకసారి రండమ్మా, డాక్టరు గారు మాట్లాడతారట" అని పెట్టేసింది.

"అసలు మందు మొదలుపెట్టడానికేమో" అన్నాడు తమ్ముడు.

"అంతే అయుంటుంది" అంది అక్క.

*

డాక్టరు చిన్నవాడు. ఎదుటివాళ్ళకు కుర్చీ చూపించి, వాళ్ళు కూర్చున్నాక తను కూర్చునే రకం. ఆ రోజు మాత్రం కిటికీ దగ్గరే నిలబడి మాట్లాడాడు.

"పరీక్ష అయిపోయింది కదా, ఎవరికి ఏ మందు ఇచ్చామో ఇప్పుడు మాకు తెలిసింది. మీ అక్కగారికి అసలు మందు. మీకు ఉత్తది. కానీ మీ రక్తంలో మందు ఉంది."

తమ్ముడు నేల వైపు చూశాడు.

"ఎలా వచ్చింది?"

గోడ మీద పెద్ద బొమ్మ, తెల్లకోటు వేసుకున్న అమ్మాయి ఒక ముసలాయన చెయ్యి పట్టుకుని నవ్వుతోంది. గుమ్మం దగ్గర సూదమ్మ చేతులు కట్టుకుని నిలబడింది.

"ఇద్దరి మందులూ కలిపి పంచుకున్నారా?"

అక్క నోరు తెరవబోయింది. డాక్టరు చెయ్యెత్తి ఆపాడు.

"ఇప్పుడే చెప్పకండి. ముందు నేను చెప్పేది వినండి. కలిపి వాడిన వాళ్ళని పైవాళ్ళు లెక్కలోంచి తీసేస్తారు. లెక్కలోంచి తీసేస్తే ఇక ముందు ఇచ్చే మందు కూడా ఉండదు. అది నా చేతిలో లేదు."

"మందు మానేస్తే ఏమవుతుంది బాబూ?" అక్క అడిగింది. ఆమెకు తెలుసు. అయినా అడిగింది.

"మెల్లగా మళ్ళీ మొదటికి వస్తుంది."

"బజారులో దొరకదా?"

డాక్టరు సమాధానం చెప్పలేదు. ఆ చెప్పకపోవడంలోనే ధర తెలిసింది.

కాసేపటికి ఆయన కుర్చీలో కూలబడ్డాడు. కళ్ళజోడు తీసి తుడుచుకున్నాడు. "ఒకే ఇంట్లో ఇద్దర్ని తీసుకోవడం మా తప్పే. అది మాత్రం ఎవరూ రాయరు. ఇంకోటి కూడా ఉంది. మీరిద్దరూ సగం మోతాదుతో ఇంత బాగుపడ్డారు. సగం మందు చాలేమో అని తెలిసింది మీ వల్లే. సగం మందంటే సగం ధర. ఎంతమందికి అందేదో. దాన్ని కూడా ఎక్కడా రాయలేం. నియమం తప్పిన చోట తెలిసింది తెలిసినట్టు కాదు."

అక్కకు ఆ మాట సగమే అర్థమైంది. ఆయన బాధపడుతున్నాడని మాత్రం పూర్తిగా అర్థమైంది. పాపం, బిడ్డ, అనుకుంది. అంతలోనే తన మీద తనకే నవ్వొచ్చింది. ఎవరు ఎవరి మీద జాలిపడుతున్నారు!

"తెలిసి చేసినవాళ్ళకే ఆ నియమం" అన్నాడు డాక్టరు గొంతు తగ్గించి. "ఇద్దరిలో ఒకరికి తెలియకుండా జరిగి ఉంటే, ఆ తెలియని మనిషి తప్పు లేదు. ఆ మనిషిని ఉంచొచ్చు. ఒక్కరినే. సోమవారం నేను పైకి చెప్పాలి. ఆలోచించుకుని రండి."

బస్సులో అక్కకు కిటికీ పక్కన సీటు దొరికింది. తమ్ముడు పక్కన కూర్చుని తన అరచేతులు తనే చూసుకుంటూ కూర్చున్నాడు. దిగేముందు, "పాపకి కూడా రావచ్చంటావా ఇది?" అన్నాడు.

"నోర్ముయ్" అంది అక్క. "అపశకునం మాటలు."

ఇంటికొచ్చాక మరదలికి ఇద్దరూ ఒకే అబద్ధం చెప్పారు. ఇంకా కొన్ని పరీక్షలున్నాయట అని. ముందుగా అనుకోకుండానే ఇద్దరి నోటా ఒకే అబద్ధం రావడం అక్కకు ఎందుకో తృప్తిగా అనిపించింది.

*

ఆమె నిర్ణయం బస్సు దిగేలోపే అయిపోయింది. అందులో ఆలోచించడానికేముంది? వాడికి పెళ్ళాముంది, పిల్ల ఉంది, ఇస్త్రీపెట్టె నడిపే చెయ్యి వాడిది. తనకు నీళ్ళు చిలకరించడానికి చెంబు పట్టుకునే బలం ఉంటే చాలు. చిక్కల్లా వాడికి చెప్పడం దగ్గరే. చెబితే ఒప్పుకోడు. చిన్నప్పుడు గుడ్డులో సగం ఎక్కువొచ్చిందని తనకు మార్చి ఇచ్చినవాడు. "నేనుండగా నువ్వెందుకు మానేస్తావు" అని మొండికేస్తాడు, తనే వెళ్ళి నేరం నెత్తినేసుకుని వస్తాడు. వాడికంటే ముందు వెళ్ళాలి, అంతే.

మర్నాడు శుక్రవారం అవకాశం రాలేదు. హోటలు దుప్పట్లు వచ్చిపడ్డాయి. దానికి తోడు తమ్ముడు ఇస్త్రీపెట్టె తీగ తెగిపోయిందని, బాగుచేయించుకొస్తానని మధ్యాహ్నం దాన్ని చంకలో పెట్టుకుని వెళ్ళి సాయంత్రానికి గానీ రాలేదు. వచ్చాక దుప్పట్లు లాగుతూ ఆమె కళ్ళలోకి చూడలేదు. పాపం, లోపల ఎంత కుమిలిపోతున్నాడో అనుకుంది అక్క. ఆ రాత్రి వాడి కంచంలో గుడ్డు ఆమే ఒలిచి వేసింది.

శనివారం పొద్దున్నే ప్లీడరు గారి చొక్కాలు ఇచ్చి వస్తానని చెప్పి బయల్దేరింది. చొక్కాలు ఇచ్చింది కూడా. అబద్ధంలో కొంతైనా నిజముంటే మంచిదని ఆమె నమ్మకం. దారిలో చెప్పాల్సిన మాటలు వల్లించుకుంది. నేనే పోశాను. వాడికి తెలీదు. వాడిని ఉంచండి.

డాక్టరు ఇంకా రాలేదు. సూదమ్మ ఆమెను తన గదిలో కూర్చోబెట్టి మంచినీళ్ళిచ్చింది.

"చెప్పడానికొచ్చాను తల్లీ. ఆ మందులు కలిపింది..."

"తెలుసమ్మా" సూదమ్మ మధ్యలోనే అంది. "మీ తమ్ముడు నిన్న వచ్చి చెప్పారు."

అనుకున్నంతా అయింది. వెధవ, ముందే వచ్చేశాడు! తీగ బాగుచేయించడం ఇదన్నమాట.

"వాడి మాట నమ్మకు" అంది కంగారుగా. "వాడికేం తెలీదు. నన్ను కాపాడటానికి వాడి నెత్తినేసుకుంటున్నాడు. చేసింది నేను."

సూదమ్మ చేతిలోని గుండుసూదిని దూదిలో గుచ్చింది, తీసింది, మళ్ళీ గుచ్చింది.

"ఆయనా అదే చెప్పారమ్మా" అంది. "చేసింది మీరేనని."

బయట ఎవరో చక్రాల కుర్చీ తోసుకుంటూ పోతున్నారు. ఒక చక్రానికి నూనె లేదు. ఆ కీచుచప్పుడు వరండా చివరిదాకా వెళ్ళి ఆగింది.

"వాడే చెప్పాడా?"

"ఊఁ. మీరు రెండు సీసాలూ ఒక డబ్బాలో పోసి, పొద్దున్నే ఒక బిళ్ళ తీసి ఆయన చేతిలో పెట్టేవారట. తన సీసాలోదే అనుకుని మింగేవారట." సూదమ్మ ఆగింది. "ఏడ్చారు కూడా."

"ఇంకా ఏమన్నాడు?"

"వదిలెయ్యండమ్మా."

"చెప్పు తల్లీ. గుచ్చడం నీకు అలవాటేగా."

సూదమ్మ తల వంచుకుంది. "మా అక్కకి ఈమధ్య మతిమరుపు వచ్చింది, ఏది ఎక్కడ పెడుతుందో తెలీదు, తారీఖులు కూడా గుర్తుండవు, ఆమె మీద కోప్పడకండి అన్నారు. మతిమరుపంటే మీ మీద తప్పు పడదమ్మా. పైవాళ్ళు ఏమీ అనరు. కానీ మందు... మతి సరిగా లేనివాళ్ళు వాడలేరని దాన్ని ఆపేస్తారు."

అక్క గ్లాసులో మిగిలిన నీళ్ళు తాగింది. తను ఇవ్వడానికి తెచ్చిందే వాడు తీసుకున్నాడు. ఒక్క పూట ఆగి ఉంటే చేతిలో పెట్టేది. డబ్బా మూత పట్టుకుని నిలబడ్డ చెయ్యి కళ్ళముందు మెదిలింది. మూత బిగించి అటూ ఇటూ ఊపిన చెయ్యి. తిట్టుపడకుండా తనని కాపాడాలనే అలా చెప్పాడేమో. వాడి లెక్క వాడికుంటుంది. ఆ మాటనే అటు తిప్పి ఇటు తిప్పి చూసుకుంది. ఎటు తిప్పినా ముడత పోలేదు.

డాక్టరు వచ్చాడు. కుర్చీ చూపించి, ఆమె కూర్చున్నాక కూర్చున్నాడు. ఇంకో పెద్దాయన కూడా వచ్చి పక్కన కూర్చున్నాడు. తమ్ముడి మాట విని, సోమవారం దాకా ఆగకుండా పైనుంచి వచ్చినాయనట.

"మీ తమ్ముడు చెప్పింది విన్నాం" అన్నాడు డాక్టరు నెమ్మదిగా. "మీ నోటితో కూడా వినాలి. అంతే. మందులు కలిపింది మీరేనా?"

"నేనేనండీ."

"మీ తమ్ముడికి తెలుసా?"

"వాడికి తెలీదు."

పెద్దాయన ముందుకు వంగాడు. మంచి గొంతు ఆయనది. పసిపిల్లలతో మాట్లాడినట్టు మాట్లాడాడు. "పరవాలేదమ్మా, భయపడకండి. ఎప్పటినుంచి కలుపుతున్నారో చెప్పగలరా? ఏ నెలో, ఏ తారీఖో, ఏమైనా గుర్తుందా?"

గుర్తుందంటే తమ్ముడు చెప్పింది అబద్ధమవుతుంది. ఫిబ్రవరి తొమ్మిది. గిన్నెలోంచి ఆవిరి. నేలమీద పగిలిన గుడ్డు, పాప నవ్వు, మరదలి కన్నీళ్ళు, వేళ్ళ చివర చురుక్కుమన్న ఆ వేడి. ఆ తారీఖు ఆమె నాలుక చివరే ఉంది.

డాక్టరు ఆమెనే చూస్తున్నాడు. గుమ్మం దగ్గర సూదమ్మ నిలబడి ఉంది.

"గుర్తులేదండీ" అంది అక్క.

"సుమారుగా?"

"ఏమోనండీ. ఈమధ్య ఏదీ గుర్తుండటం లేదు."

పెద్దాయన సానుభూతిగా తల ఊపాడు. "సరేనమ్మా, ఇక వెళ్ళిరండి."

సూదమ్మ మెట్లదాకా కాదు, గేటుదాకా వచ్చింది. మెట్లు దిగుతున్నంతసేపూ ఆమె చెయ్యి వదల్లేదు. బస్సు వచ్చినప్పుడు, "నీళ్ళు కాగాయో లేదో మోచేత్తో చూసుకోండమ్మా, వేళ్ళు పెట్టకండి" అంది. ఆమె చెయ్యి వెచ్చగా ఉంది. అక్క ఆ వేడి తెలిసినంతసేపు తెలుసుకుంది.

*

సోమవారం సాయంత్రం తమ్ముడు ఒక సీసాతో వచ్చాడు. కొత్త సీసా, మూతకు ఇంకా కాగితం అంటించి ఉంది. మరదలితో ఏం చెప్పాడో గానీ ఆమె మొహం విప్పారింది. అంతలోనే వదిన వైపు తిరిగి, "మీదేది వదినా?" అని అడిగింది.

"నాది తరువాత ఇస్తారట" అంది అక్క. "టీ పెట్టు అమ్మాయ్, తలనొప్పిగా ఉంది."

మరదలు డబ్బా తీసి రెండు చెంచాల పంచదార వేసింది. అక్క ఆ పొద్దునే దాన్ని కడిగి ఎండబెట్టి మళ్ళీ పంచదార పోసింది. తమ్ముడు ఆ డబ్బాను చూశాడు. తన సీసాను చొక్కా జేబులో పెట్టుకున్నాడు. తరువాత తీసి, అలమార పైఅరలో దుప్పట్ల వెనక పెట్టాడు. పాప చేతికి అందకూడదని ఎవరూ అడక్కుండానే చెప్పాడు.

దుప్పట్లు అయిపోయాయి. బల్ల మీద ఆఖరి చొక్కా మడత పడింది. పెట్టె చల్లారుతూ టక్కు టక్కుమని చిన్నగా చప్పుడు చేస్తోంది. అక్క తెల్లగుడ్డ దులిపి, మడిచి, తన స్టూలు మీద కూర్చుంది.

తమ్ముడు కొంచెం తటపటాయించి ఎదురుగా కూర్చున్నాడు. అలవాటు చొప్పున రెండు చేతులూ దీపం కింద పెట్టాడు.

ఆమె ఎప్పటిలాగే చూసింది. వేళ్ళ సందులు, గోళ్ళ మొదళ్ళు. ఎడమ చిటికెనవేలును రెండుసార్లు తిప్పి చూసింది. మణికట్టు లోపలివైపు బొటనవేలితో తడిమింది. ఎక్కడా తొందరపడలేదు.

"ఏం లేవు" అంది. "బంగారంలా ఉన్నాయి."

"నీవి చూపించు అక్కా."

ఆమె చేతులు ఒళ్ళోనే ఉన్నాయి. ఎడమ అరచేతి అంచున మధ్యాహ్నం ఒక బొబ్బ లేచింది. కాలినప్పుడు తెలియలేదు. దుప్పటి మీద తడి అంటితే చూసుకుంది. చెయ్యిని మెల్లగా పైటకొంగు కిందికి లాక్కుంది.

"పొద్దున చూశావుగా."

"పొద్దునెక్కడ చూశాను? పొద్దున ఎప్పుడైనా చూస్తామా?"

"చూళ్ళేదూ?" అక్క దీపం వైపు చూస్తూ అంది. "ఏమోరా. ఈమధ్య మతిమరుపు వచ్చింది నాకు. తారీఖులు కూడా గుర్తుండటం లేదు."

తమ్ముడి చేతులు బల్ల మీద అలాగే ఉండిపోయాయి, దీపం కింద, వెల్లకిలా. లోపల పాప ఏదో అడుగుతోంది, మరదలు నవ్వుతోంది.

"అక్కా..."

అతని చూపు ఆమె కొంగు మీద, దాని కింద ఉన్న చేతి మీద ఆగింది. నోరు తెరిచాడు. చేతులు కాలాక ఆకులు పట్టుకోవడం జోకు ఎన్నేళ్ళుగానో అక్కడే ఉండేది, సరిగ్గా ఆ క్షణంలో. ఈసారి రాలేదు.

"వెళ్ళు" అంది ఆమె. గొంతులో కోపం లేదు. ఉంటే బాగుండేదని అతనికి అనిపించి ఉంటుంది. "పాప గౌను విప్పడానికి నీ కోసం చూస్తోంది. గుండీలు నువ్వే తియ్యాలట."

అతను లేచి లోపలికి వెళ్ళాడు. రెండడుగులు వేసి ఒకసారి ఆగాడు, వెనక్కి తిరగలేదు.

అక్క కొట్టు దీపం ఆర్పింది. బల్ల పక్కనున్న తన చిన్నగదిలోకి వెళ్ళి, కుడిచేత్తో మందు తీసి ఎడమ అరచేతికి రాసుకుంది. గుడ్డ కట్టుకోవడం ఒంటిచేత్తో కుదరలేదు. కొసను పళ్ళతో పట్టుకుని ముడి వేసింది. ఇన్నాళ్ళూ ఆ గది తలుపు వెయ్యడమనేది లేదు. తలుపు వెనక కొక్కేనికి పాప సంచీ ఒకటి, మరదలి గొడుగు ఒకటి వేలాడుతున్నాయి. వాటిని తీసి గుమ్మం బయట గోడకు ఆనించింది. పిల్ల నిద్రపోయే వేళ అని, గడియ చప్పుడు కాకుండా వేలు అడ్డం పెట్టి, మెల్లగా తలుపు వేసుకుంది.